సీసా లేదు

"నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు ఓస్నాత్, తెల్లది లైట్ల కింద మరీ మెరుస్తోంది" అని తన గదిలోంచి కేకేశాడు అవ్‌నేర్. మంగళవారం సభకి శుక్రవారం పొద్దున్నే చొక్కా గుర్తొచ్చింది అతనికి.

నేనప్పుడు కోడి ముక్కలకి నిమ్మరసం, వెల్లుల్లి పట్టిస్తున్నాను. పొయ్యి మీద అత్తగారికి ఇష్టమైన క్యారెట్ల పులుసు ఉడుకుతోంది. ఓవెన్‌లో బంగాళాదుంపలు. సాయంత్రం నుంచి సబ్బాతు, మా విశ్రాంతి రోజు; ఆ రాత్రి భోజనానికి ఆవిడ వస్తుంది, మధ్యాహ్నంలోపు సైన్యం నుంచి మా ఎలాద్ వస్తాడు. "చేతులు ఖాళీ లేవు" అన్నాను. "ఇప్పుడే చెయ్యమనలేదుగా" అన్నాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో అతనెప్పుడూ ఇప్పుడే చెయ్యమనలేదు. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యమంటాడు. ఆ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడుందో వెతుక్కోవడం నా పని.

అవ్‌నేర్ జెరూసలేంలో న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. యుద్ధంలో ఏది నేరం, ఏది కాదు, నేరమైతే ఎవరు జవాబు చెప్పాలి అన్నది అతని సబ్జెక్టు. టీవీ చర్చల్లో కనపడతాడు. సూపర్ మార్కెట్లో కొందరు దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని "మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ దేశానికింకా మొహం ఉంది" అంటారు. కొందరు దేశద్రోహి అని తిడతారు. తిట్టినవాళ్ల గురించి ఇంటికొచ్చి చెప్పేటప్పుడు అతని గొంతులో ఒక ముచ్చట ఉంటుంది. అతను చేత్తో రాస్తాడు, ఆ రాత నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. కాబట్టి టైపు చేసేది నేను, దిద్దేది నేను, నాలుగు పేజీలు రెండు చేసేది నేను. "మనం చేసినదానికి మనం సంజాయిషీ చెప్పుకోకపోతే మన పిల్లలకి అబద్ధాన్ని ఆస్తిగా ఇచ్చి పోతాం" అన్న వాక్యం అతని పేరుతో గోడల మీద పోస్టర్లుగా వెలిసింది. బీట్‌రూట్ చెక్కు తీస్తూ నేనన్న మాట అది. "బాగుంది, ఉంచెయ్" అన్నాడు. అంతే. మా స్కూల్లో నేను లైబ్రేరియన్‌ని. హెడ్మాస్టరు ఒకసారి అవ్‌నేర్‌ని పిలిపించి పిల్లలకి ఉపన్యాసం ఇప్పించాడు. కుర్చీలు నేను వేశాను, నీళ్లు నేను పెట్టాను. చివర్లో అందరూ కలిసి ఫోటో దిగారు. ఆ ఫోటో తీసింది కూడా నేనే.

పదింటికల్లా ఎలాద్ వచ్చాడు. వాడికి ఇరవై ఏళ్లు. ఇంటికొస్తే చేసే మొదటి పని సంచీ బోర్లించి మాసిన బట్టలు నేల మీద కుప్ప పోయడం, రెండోది పడుకోవడం. ఆ రోజు పడుకోలేదు. వెనక బాల్కనీలో నేను వాడి యూనిఫారాలు మెషిన్లో వేస్తుంటే వచ్చి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"తిన్నావా?"

"ఊఁ."

"పోయి పడుకో మరి. సాయంత్రం నానమ్మ వస్తుంది, నీతోనే కూర్చుంటానంటుంది."

"పడుకుంటాలే."

కదల్లేదు. మెషిన్ అద్దంలో ఆకుపచ్చ బట్టలు గిరగిరా తిరుగుతుంటే అదేదో సినిమాలా చూస్తున్నాడు.

"అమ్మా."

"ఊఁ."

"సీసా లేదు."

నూనె సీసా అనుకున్నాను నేను. "కింది అరలో ఉంది చూడు" అన్నాను, చేతికందిన మేజోళ్లు విప్పి లోపలికి తోస్తూ.

"ఆ సీసా కాదమ్మా."

అప్పుడు చూశాను వాడి మొహం. చిన్నప్పుడు జ్వరం వచ్చే ముందు వాడి పెదవుల చుట్టూ ఒక తెల్ల గీత వచ్చేది. ఇప్పుడూ ఉంది.

మూడు వారాల కిందట హెబ్రోన్ కొండల్లో ఒక అరబ్ ఊళ్లో జరిగింది. పొద్దుటి నుంచి పిల్లలు రోడ్డు మీదకి రాళ్లు విసురుతున్నారు. మధ్యాహ్నం ఎలాద్ వాళ్లు ఆ పిల్లల్ని సందుల్లోకి తరిమారు. ఒక ఇంటి మేడ మీద కిటికీ దగ్గర కర్టెన్ కదిలింది. ఎలాద్ రబ్బరు తూటా కాల్చాడు. లోపలి నుంచి ఆడమనిషి కేక వినపడింది. ఆమె ఎడమ కన్ను పోయింది. ఆ కిటికీలోంచి పెట్రోలు సీసా విసిరారనీ, సైనికులు ప్రాణరక్షణకి కాల్చారనీ మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ వార్త నేను చదివాను. కాఫీ తాగుతూ చదివి, పేజీ తిప్పాను.

"మా కమాండర్ వచ్చి 'సీసా చూశావు కదా' అన్నాడమ్మా. అడగలేదు, చెప్పాడు. నలుగురం అదే రాసిచ్చాం. ఒకడు రాస్తే మిగతా ముగ్గురం చూసి రాశాం. అక్షరం తప్పు కూడా నలుగురిదీ ఒకటే. ఎవడూ అడగలేదు. పదిరోజుల్లో ఫైలు మూసేశారు."

"ఎందుకు కాల్చావురా?"

"కర్టెన్ కదిలింది."

"కదిలితే?"

"భయమేసింది" అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "భయం కాదు. కోపం వచ్చింది. పొద్దుటి నుంచి రాళ్లు తింటున్నాం. ఎవరికో ఒకరికి తగలాలనిపించింది."

మెషిన్ ఆగింది. వాడు లేచి, తడి బట్టలు తీయడానికి నాకు సాయం చేశాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఒక్కో చొక్కా దులిపి ఇస్తుంటే నేను తీగ మీద వేస్తూ ఉన్నాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, క్లిప్పులు కూడా పెట్టాయి.

అవ్‌నేర్‌కి చెప్పాలి అని తప్ప నాకింకేమీ తట్టలేదు. అంత తెలివితక్కువగా నమ్మాను నేను. ఏది నేరమో చెప్పే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, ఏం చెయ్యాలో అతనికి తెలుస్తుంది అనుకున్నాను. వెళ్లి చెప్పాను. విన్నాడు. పెన్ను పక్కన పెట్టాడు. లేచి వెళ్లి ఎలాద్ గదిలో దూరి తలుపేసుకున్నాడు. నేను బయట ఖాళీ బట్టల బుట్ట పట్టుకుని నిలబడ్డాను. మాటలు వినపడలేదు గానీ గొంతు వినపడింది. టీవీలో వాడే గొంతే, నిదానంగా, ఒత్తి ఒత్తి. నలభై నిమిషాలకి బయటికొచ్చాడు.

"వాడికి సరిగ్గా గుర్తు లేదు. అలిసిపోయి ఉన్నాడు."

"నాకు చెప్పేటప్పుడు బాగానే గుర్తుంది."

"ఓస్నాత్, ఫైలు మూసేశారు. మళ్లీ తెరవాలంటే కొత్త సాక్ష్యం కావాలి. అది లేదు."

"వాడే సాక్ష్యం."

"వాడు నా కొడుకు."

"మరి నువ్వు రాసినవన్నీ?"

"నేను రాసింది పైవాళ్ల గురించి. వ్యవస్థ గురించి. ఇరవయ్యేళ్ల పిల్లాణ్ణి బలిచ్చి ఎవడూ వ్యవస్థని బాగుచెయ్యలేడు. కమాండర్ హాయిగా ఇంట్లో కూర్చుంటాడు, వీడు జైల్లో కూర్చుంటాడు. అదేనా నీకు కావాల్సింది?"

అందులో నిజం లేకపోలేదు. అందుకే నాకు మరింత మండింది. ఎందుకంటే ఆరేళ్ల కిందట ఇంకెవరి కొడుకో ఇలాగే కాలిస్తే, 'వయసు సాకు కాదు' అని అవ్‌నేర్ పత్రికలో రాశాడు. ఆ సాకు అన్న మాటని టైపు చేసింది ఈ వేళ్లే. ఆ అబ్బాయికి పందొమ్మిదేళ్లు. వాళ్లమ్మ మాకు ఉత్తరం రాసింది, రెండు పేజీలు, వంకరటింకర రాత. నేను చదివి వినిపిస్తుంటే ఒకటో పేజీ సగంలోనే "చించి పారెయ్" అన్నాడు. చించి పారేశాను.

"నువ్వీ విషయంలోకి రాకు" అన్నాడు నా చేతిలో బుట్ట వైపు చూస్తూ. "బట్టలుతుకుతుంటే వాడేదో అన్నాడు, నువ్వేదో విన్నావు. విన్నమాట సాక్ష్యం కిందకి రాదు. తెలుసా అసలు నీకు?"

"తెలుసు. ఆ అధ్యాయం మూడుసార్లు టైపు చేశాను."

సాయంత్రం అత్తగారు పెనీనా వచ్చింది. ఎనభై రెండేళ్లు, కర్ర లేకుండా నడుస్తుంది. దీపాలు వెలిగించాను. అవ్‌నేర్ ద్రాక్షరసం గ్లాసు ఎత్తాడు, రొట్టె తుంచి అందరికీ ఇచ్చాడు. ఎలాద్ ఆ ముక్కని వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

"ఏరా, చిక్కిపోయావు. మీ అమ్మ తిండి పెట్టట్లేదా?" అంది అత్తగారు, వాడు వారాలకి వారాలు ఇంట్లో ఉండడని తెలిసి కూడా. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మంగళవారం ఎవరితోరా నీ వాదన?" అంది.

"రూలా జహ్‌షాన్ అని ఒక లాయరు. అరబ్ ఆవిడ."

"ఆవిడ మన డోరోన్ గురించి కూడా మాట్లాడుతుందా? లేకపోతే వాళ్లవాళ్ల ఏడుపేనా?"

డోరోన్ అవ్‌నేర్ తమ్ముడు. యూనివర్సిటీకి వెళ్తున్న బస్సులో ఒకడు బాంబు కట్టుకుని ఎక్కాడు. ఇరవై ఏళ్లు దాటింది. ఈ కుటుంబంలో ఎంగిలి కంచాలు కడిగిన ఒకే ఒక్క మగవాడు డోరోన్. నా పక్కన నిలబడి, మా ఆయన మాట్లాడే పద్ధతిని అనుకరించి నన్ను నవ్వించి నవ్వించి చంపేవాడు. నేను వాడి కోసం వీళ్లెవరికన్నా తక్కువగా ఏడవలేదు. కానీ వీళ్లు ఆ పేరుని తలుపుకి గొళ్లెంలా వాడతారు. ఎవరైనా అటువైపు వాళ్ల గురించి ఒక్క మాట అనగానే డోరోన్ అంటారు, నోళ్లన్నీ మూతపడతాయి. ఆ వేళ నా చూపు కంచం మీద నిలవలేదు, అవ్‌నేర్ చొక్కా గుండీలు కనపడుతున్నాయి. నేనే అడిగేశాను.

"అత్తయ్యా, డోరోన్‌ని చంపినవాడు ఏం చెయ్యబోతున్నాడో వాడి తల్లికి ముందే తెలుసనుకోండి. ఆమె ఏం చెయ్యాలంటారు?"

"ఏం చెయ్యడమేంటి?" ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "చెప్పాలి. పరిగెత్తుకెళ్లి పోలీసులకి చెప్పాలి. తల్లయితే మాత్రం? నావాడు కొడుకు కాదా? కడుపుతీపి తనొక్కదానికేనా ఉంది? తెలిసి నోరు మూసుకున్న తల్లి కూడా ఆ బాంబు కట్టినదాని కిందే లెక్క."

ఎలాద్ తలెత్తి ఆవిణ్ణి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఓస్నాత్, ఉప్పు" అన్నాడు అవ్‌నేర్. ఉప్పు అతని మోచేతి పక్కనే ఉంది.

ఆదివారం పొద్దున్న ఎలాద్ ఇస్త్రీ యూనిఫారాలతో బస్సెక్కాడు. బస్టాండులో "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగాను. "నాన్న చెప్పాడుగా. ఏడాదిలో ఇదంతా మర్చిపోతానట" అన్నాడు. "మర్చిపోతావా?" అంటే సంచీ భుజం మార్చుకున్నాడు.

సోమవారం స్కూల్లో పిల్లలెవరూ లేని పీరియడ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె కోసం వెతికాను. మన పేపర్లలో ఆమెకి పేరే లేదు, 'స్థానిక మహిళ' అని ఉంది. ఒక హక్కుల సంఘం నివేదికలో దొరికింది. ఇంతిసార్. నలభై తొమ్మిదేళ్లు. ఊళ్లో పిల్లలకి స్కూలు బట్టలు కుడుతుంది. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఒక్క కన్నుతో సూదిలోకి దారం ఎలా ఎక్కిస్తుంది అనుకున్నాను. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె కన్ను పోయిందని కాఫీ తాగుతూ చదివినప్పుడు రాని బాధ, నా కొడుకు చేత పోయిందని తెలిశాక వచ్చింది.

మంగళవారం అయిదింటికి హాలు నిండిపోయింది. వేదిక మీద 'హింసకి జవాబుదారు ఎవరు?' అని బ్యానరు. నీలం చొక్కాలో అవ్‌నేర్ బాగున్నాడు. రూలా జహ్‌షాన్ నలభై ఏళ్ల పొట్టి మనిషి, తల్లో రెండు మూడు తెల్ల వెంట్రుకలు, ముందు కాగితాల కట్ట. ఆమె మొదలుపెట్టగానే వెనక వరసలోంచి ఒకడు "బస్సుల గురించి చెప్పు!" అని అరిచాడు. "చెప్తాను" అందామె. "బస్సుల్లో పేల్చినవాళ్లు హంతకులు. వాళ్లని పంపినవాళ్లూ హంతకులే. ఈ మాట నా చేత ప్రతి సభలో అనిపిస్తారు, ప్రతి సభలో అంటాను. ఇప్పుడు నా క్లయింటు గురించి వింటారా?" అని ఇంతిసార్ రాయించిన మాటలు చదివింది. 'హీటరు పొగ వస్తోందని కిటికీ తెరిచాను. మిషను దగ్గర కూర్చుని లంగా అంచు కుడుతున్నాను. కర్టెను గాలికి దారంలో పడుతుంటే పక్కకి లాగాను. నా చేతిలో లంగా తప్ప ఏమీ లేదు.'

అవ్‌నేర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ తల్లి బాధకి తల వంచుతున్నాను. కానీ చట్టానికి బాధ చాలదు, రుజువు కావాలి. నలుగురు సైనికులు సీసా చూశామన్నారు. చూడలేదని చెప్పే ఒక్క సాక్షిని తీసుకురండి రూలా గారూ. ఒక్కరిని. నేనే స్వయంగా చెయ్యి పట్టుకుని కోర్టుకి తీసుకెళ్తాను."

చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు కొందరు. రూలా కాగితాలు సర్దుకుంటూ తల దించుకుంది. ఆమె దగ్గర సాక్షి లేడు. ఆ సంగతి అందరికంటే బాగా అవ్‌నేర్‌కి తెలుసు. అతని చేతులు చూశాను, ఒకదాని మీద ఒకటి ప్రశాంతంగా ఉన్నాయి. ఇరవై ఏడేళ్లు ఆ చేతిరాత చదివాను. అర్థం కానిచోట నేనే మంచి అర్థం పెట్టి చదివానని అప్పుడు తెలిసింది.

ప్రశ్నల సమయంలో చెయ్యెత్తాను. సభ నడిపేవాడు "చిన్నగా అడగండి మేడం" అంటుంటే అవ్‌నేర్ నవ్వుతూ మైకు దగ్గరకి వంగి "జాగ్రత్త, ఆవిడ మా ఆవిడ" అన్నాడు. హాలంతా నవ్వు.

"ఆ సాక్షి నీ ఇంట్లోనే ఉంటే?" అన్నాను.

అతని మొహంలో ఏదో కదిలింది. ఒక్క క్షణమే. వెంటనే "మా ఇంట్లో వంట గురించి తప్ప దేనికీ సాక్షులుండరు" అన్నాడు. ఇంకా పెద్ద నవ్వు. నా పక్క సీటులో ఆవిడ నా మోచెయ్యి తట్టి "మీరు అదృష్టవంతులు, ఎంత సరదా మనిషో" అంది. మైకు ముందు వరసలోకి వెళ్లిపోయింది.

బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి ఎలాద్‌కి ఫోన్ చేశాను.

"రేపు పొద్దున్న ఆ లాయరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు నాతో అన్నదంతా చెప్తాను."

వాడి వెనకాల ఎవరో పళ్లేలు మోగిస్తున్నారు.

"నన్ను జైలుకి పంపుతావా అమ్మా?"

"పంపుతారేమో. తెలీదు. నువ్వే వచ్చి చెప్తే నీ పక్కన కూర్చుంటాను. రాకపోయినా నేను చెప్తాను."

"నువ్వు నా తల్లివేనా అసలు?"

"అవును. అందుకే ముందు నీకు చెప్తున్నా." ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. "సీసా లేదని నాకెందుకు చెప్పావురా?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా."

"ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. ఇప్పుడు నేనెవరికి చెప్పుకోను? మీ నాన్నకి చెప్పాను. ఏమైందో చూశావుగా."

వాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

బుధవారం పొద్దున్న స్కూలుకి సెలవు పెట్టాను. అవ్‌నేర్ పేపర్లో తన ఫోటో చూసుకుంటూ "కాఫీ" అన్నాడు. కోటు వేసుకుని వచ్చేశాను.

రూలా ఆఫీసు పాతనగరం గోడ అవతల వీధిలో, మందుల షాపు పైన. మెట్లెక్కేటప్పటికి ఆయాసం వచ్చింది. ఆమె నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"ప్రొఫెసరు గారి భార్య కదూ. చూడండమ్మా, చాలామంది వస్తారిలా. మా తరఫున సారీ అని ఏడ్చి, మనసు తేలికై వెళ్తారు. నాకంత టైము లేదు. ఇంతిసార్‌కి అసలే లేదు."

"ఏడవడానికి రాలేదు. రాయించడానికి వచ్చాను. కాల్చింది నా కొడుకు."

అప్పుడు కూర్చోమంది. నేను చెప్తుంటే స్వయంగా రాసుకుంది, మధ్యలో ఎక్కడా అయ్యో అనలేదు. అందుకు ఆమెకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నలుగురి రాతలోనూ ఒకే అక్షరం తప్పుందని చెప్పినప్పుడు మాత్రం చటుక్కున లేచి, ఫైలు లాగి, నాలుగు కాగితాలు పక్కపక్కన పరిచి చూసింది. వేలు పెట్టి నాలుగుచోట్ల ఆగింది.

"ఇది మీ మాటొక్కటే అయితే కోర్టులో నిలవదు" అంది, గొంతు కొంచెం తగ్గించి. "కానీ దీంతో ఫైలు తెరవమని అడగొచ్చు. మీ అబ్బాయిని పిలిచి ప్రశ్నిస్తారు. మీరు వెనక్కి తగ్గితే అబద్ధం చెప్పించానని నా మీద పడతారు. ఇంటికెళ్లి ఆలోచించుకుంటారా?"

"వద్దు."

"అయితే ఇంకొక్కటి. సీసా లేదని ఇంకా ఎవరెవరికి తెలుసు?"

"వాడితో పాటు రాసిచ్చిన ముగ్గురూ, వాళ్ల కమాండరూ కాక, మా ఇంట్లో ముగ్గురికి" అన్నాను. "కాల్చిన నా కొడుక్కి. వాణ్ణి గదిలో కూర్చోబెట్టి మర్చిపొమ్మన్న నా భర్తకి. అంతా విని అయిదు రోజులు వంట చేస్తూ కూర్చున్న నాకు. మూడు పేర్లూ రాసుకోండి."